పొగిడితే పగిలిన దాకలు

పొగిడితే కుండ పగులుతుందా, పగలదా? ఈ ప్రశ్న మీద యానాంలో మేం ముగ్గురు పెద్దవాళ్ళం, నెలనెలా జీతం తీసుకుంటూ, ఒక ఎండాకాలమంతా వాదించుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడూ నవ్వే వచ్చింది, మధ్యలో కొన్ని రోజులు తప్ప.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు సాధించిందేమిటని. ఏదో సన్మానం గురించో, పతకం గురించో చెబుతానని చూస్తారు. నేను ఈ దాకల సంగతి చెబుతాను. కొందరు మధ్యలో ఫోను తీసి చూసుకుంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. దాక అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా ఉన్నారు కనుక చెబుతున్నాను: వెడల్పు మూతి ఉన్న మట్టి వంటపాత్ర. గోదావరి జిల్లాల్లో చేపల పులుసు అందులో కాచిందే పులుసు, మిగతాది ఏదైనా నీళ్ళచారే.

నేను చేతిపనుల శిక్షణ కేంద్రంలో మట్టిపని నేర్పేదాన్ని. నా దగ్గరికి వచ్చేది ఆడవాళ్ళే. కులానికో పని రాసిపెట్టిన వ్యవస్థ మీద నాకు చదువుకునే రోజుల నుంచీ కోపం. అందుకని కుమ్మరి సారె ముందు చేపలమ్మే ఇళ్ళ వాళ్ళూ, రొయ్యల చెరువుల మీద కూలికెళ్ళేవాళ్ళూ, చర్చి వీధి అమ్మాయిలూ ఒకే వరసలో కూర్చుని మోచేతుల దాకా బురద పూసుకుంటుంటే నాకు పండగలా ఉండేది. కాలేజీలో ఉండగా దేవుడు లేడని వేదికలెక్కి వాదించినదాన్ని. మా వాదసభల్లో రెండు నియమాలుండేవి. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విన్నాకే జవాబు చెప్పాలి. ఏదో ఒకరోజు ఎదుటి పక్షాన్ని నువ్వే వాదించి చూపించాలి. మొదటిది నాకు ఎప్పుడూ కష్టమే. రెండోది మాత్రం సరదా.

ఉద్యోగంలో నా ఎదుటి పక్షం మా గుమాస్తా. నుదుటి నిండా విభూతి, నోటి నిండా తాంబూలం, జేబులో సున్నం డబ్బీ. ప్రతి శనివారం కేంద్రం గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టేవారు. సోమవారం నేను ఆ నిమ్మకాయ విప్పి మజ్జిగలో పిండేదాన్ని. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవారు, పైగా తన గ్లాసు కూడా నా వైపు జరిపేవారు. నమ్మకానికీ దాహానికీ ఆయన దగ్గర తగువు లేదు.

మూడో మనిషి బట్టీ మేస్త్రి. ఆయనకి దేవుడితోగానీ దెయ్యంతోగానీ పనిలేదు, బట్టీ ఒక్కటే లోకం. అన్నేళ్ళూ కట్టెల బట్టీతో పొగలో దగ్గి దగ్గి బతికిన మనిషికి ఆ ఏడాది గ్యాసు బట్టీ వచ్చింది. వేడి ఎంతో చూపించే మీటరు దానికుంది. ఆ మీటరు అద్దాన్ని ఆయన తన కళ్ళజోడుకన్నా ఎక్కువసార్లు తుడిచేవారు. కట్టెల బట్టీ ఎంత మండించినా ఏడువందల డిగ్రీల దగ్గర ఆయాసపడేది. కొత్తది తొమ్మిదివందల యాభైకి హాయిగా ఎక్కేది. మొదటిసారి ఆ అంకె కనిపించినప్పుడు మేస్త్రి మమ్మల్నందరినీ పిలిచి చూపించారు. మేమూ చప్పట్లు కొట్టాం. వేడి ఎక్కువైతే కుండ గట్టిపడుతుంది, గట్టిపడితే మంచిదే, అందులో చర్చించాల్సిందేమిటి అనుకున్నాం.

మట్టి గురించి నాలుగు మాటలు చెప్పి కథలోకి వస్తాను. మట్టిని తాడులా పేని వేలికి చుట్టి చూడాలి. బీట వెయ్యకుండా చుట్టుకుంటే అది సారెకి పనికొస్తుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు మట్టి వెన్నలా ఉంటుందిగానీ ఉప్పెక్కువ, ఆరాక ఒళ్ళంతా తెల్లగా పొడి లేస్తుంది. మెట్టకూరు చేలమట్టి మంచిది. కాస్త జిగురెక్కువ కనుక సన్న ఇసుక కలపాలి. ఆ మట్టి మాకు మెట్టకూరు నుంచి శిక్షణకొచ్చే ఒక పెద్దావిడ చేనులోంచే వచ్చేది. ఆవిడ ఆ జట్టులో అందరికన్నా వయసులో పెద్ద, మాటలో ఇంకా పెద్ద. తన మట్టిని ఎవరైనా ఒకమాట అంటే సొంత కూతుర్ని అన్నట్టు చూసేది.

మా కేంద్రంలో ఏటా మొదటి బట్టీకి ముందు ఒక వేడుక జరిగేది. దానికీ ఓ చరిత్ర ఉంది. పూజ చెయ్యాలని గుమాస్తా, ప్రార్థన చెయ్యాలని చర్చి వీధి అమ్మాయిలు, ఏదీ చెయ్యకూడదని నేను కొన్నేళ్ళు కొట్టుకున్నాక, శిక్షణకొచ్చినవాళ్ళే మా ముగ్గురి మీదా జాలిపడి తీర్పు చెప్పారు. ఎవరి గుమ్మం ముందు మట్టి వాళ్ళు గుప్పెడు తెచ్చి, అందరిదీ కలిపి తొక్కుదామన్నారు. గుమాస్తాకి అది భూదేవి పూజలా కనిపించింది. చర్చి వీధి వాళ్ళకి మట్టితో చేసిన మొదటి మనిషి గుర్తొచ్చాడు. నాకు సమానత్వం కనిపించింది. ఇంతమంది భక్తులకీ ఒక నాస్తికురాలికీ ఒకేసారి నచ్చిన పని మరొకటి నేను చూడలేదు. మేం ముగ్గురం కూడా గుప్పెడేసి మట్టి తెచ్చి, ఆ ఏడాది దాకలన్నిటికీ మట్టి తొక్కే గోతిలో వేసేవాళ్ళం. అందరికీ నచ్చింది కనుక దాన్ని ఎవరం పరిశీలించలేదు. ఈ వాక్యం కింద గీత పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక ఫరంపేట అమ్మాయి సంగతి. పెళ్ళయి రెండు మూడేళ్ళయిన పిల్ల. అత్తతో కలిసి గంపలో చేపలమ్మేది, ఆ ఏడాదే మా దగ్గర చేరింది. ఆమెకి ఒక అలవాటుంది. ఏది చూసినా మెచ్చుకుంటుంది. ముఖస్తుతి కాదు, తనకి నిజంగా అంత బాగా కనిపిస్తుంది. పక్కామె దాక చేస్తే, "అబ్బ, ఉల్లిపాయలా ఎంత నిండుగా ఉందో చూడండీ" అంటుంది. గుమాస్తా సంతకం పెడుతుంటే, జెర్రి పాకినట్టు ఎంత చకచకా వెళ్ళిందండీ అని నోరు తెరుచుకుని చూస్తుంది. ఒకసారి నా చెప్పులు చేతిలోకి తీసుకుని, రెండు పక్కలా సమానంగా అరిగాయని ఆశ్చర్యపోయింది. జీవితంలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు, పొగిడినవాళ్ళు కొందరున్నారు, నా చెప్పుల అరుగుదలని మెచ్చుకున్న మనిషి మాత్రం ఈమె ఒక్కర్తే. ఆమె వచ్చాక సారెల గది సగం పని సగం నవ్వులు.

ఆ ఎండాకాలమే మాకు మంచి బేరం తగిలింది. గోదావరి ఒడ్డున హోటలాయన ఒకరు, వరద నీళ్ళకి పులస చేప వచ్చే రోజుల్లో పులుసుని దాకతో సహా బల్ల మీద పెట్టాలనుకున్నారు. మా దాకలు బాగుంటే ఏటా మావే తీసుకుంటానన్నారు. అంటే శిక్షణ అయిపోయాక జట్టు చెదిరిపోనక్కర్లేదు, అక్కడే సొంత యూనిట్ పెట్టుకుని బతకొచ్చు. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఫరంపేట అమ్మాయి ఆ హోటలాయన మీసాన్ని కూడా మెచ్చుకుంది.

కొత్త బట్టీలో మొదటి వాయి దించాం. ఒక్క బీట లేదు. తట్టితే కంచు మోగినట్టు మోగాయి. ఆమె ఒక్కోదాని ముందూ ఆగి ఒక్కో మాట అంది. అన్నిటినీ అరల మీద సర్దాం, నమూనాకి కొన్ని హోటల్‌కి పంపాం.

రెండో రోజో మూడో రోజో మధ్యాహ్నం భోజనాలు చేస్తున్నాం. అర మీద నుంచి 'టిక్' అని వినిపించింది. ఒక దాక పక్కనుంచి రూపాయి బిళ్ళంత పెచ్చు ఎగిరొచ్చి మెట్టకూరు పెద్దావిడ పెరుగన్నంలో పడింది. ఎవరూ ముట్టుకోలేదు, దగ్గర్లో పిల్లి కూడా లేదు. చూస్తుండగా ఇంకొకటి, టిక్. మేం అన్నాలు కలుపుకున్న చేతులతో అలాగే కూర్చుండిపోయాం. సాయంత్రానికి హోటలాయన దగ్గర నుంచి వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది. అందులో మొదట మాటల్లేవు. తర్వాత టిక్. ఆ వెనకే ఆయన గొంతు: "విన్నారాండి? మీ దాకలు తుమ్ముతున్నాయండి. కస్టమర్లు అదిరిపోతన్నారు."

నేను వెంటనే కారణం చెప్పేశాను. హేతువాదికి ఉన్న జబ్బు ఇదే, కారణం అడిగితే లేదనడానికి నామోషీ. సరిగా ఆరకముందే కాల్చాం, లోపల తడి ఆవిరై పగిలాయి అన్నాను. గుమాస్తా తాంబూలం ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి, ఎంతో మర్యాదగా నన్ను పడగొట్టారు.

"తడైతే బట్టీలో పగలాలి కదండీ మేడంగారూ. నిప్పులో పగలనిది నీడపట్టున అర మీద పగిలిందేటండీ?"

నిజమే. మా వాదసభల్లో ఇలా నోరు మూయించినవాడికి చప్పట్లు కొట్టేవాళ్ళం. కొట్టాను. ఆయనకి భయమేసింది.

మేస్త్రి సిద్ధాంతం వేరు. గట్టిదనం చాల్లేదు, ఇంకా వేడి పెంచాలన్నారు. పెంచారు. రెండో వాయి ఇంకా ఎర్రగా, ఇంకా గట్టిగా, ఇంకా అందంగా వచ్చింది. అది మొదటిదానికన్నా ఎక్కువ తుమ్మింది.

అప్పుడు మెల్లగా ఒక మాట గదిలో తిరగడం మొదలైంది. మొదట పగిలిన దాకని దించిన రోజే పొగిడింది ఎవరు? ఉల్లిపాయలా ఉందన్నది ఎవరు? అన్నిటినీ ఆమే పొగిడింది కనుక ఏది పగిలినా ఆమె పొగిడిందే అయింది. ఈ లెక్కలో ఉన్న మోసం మీకు తెలుస్తోంది కదా. భయపడ్డవాళ్ళకి తెలియదు. ఒకరోజు చూస్తే ఆమె రాగానే పక్కామె దాక మీద తడిగుడ్డ కప్పింది. ఇంకొకామె క్యారేజీ మూత పెట్టేసింది. చంటిపిల్లని తెచ్చుకునే ఆమె పిల్లకి కాటుకబొట్టు పెద్దది చేసింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనకపోవడంలో ఎంత క్రూరత్వం ఉంటుందో అప్పుడు చూశాను.

గుమాస్తా వాదం బయటికే చెప్పారు. గుప్పెడు మట్టి వేడుక ఏటా చేస్తున్నాం, మెట్టకూరు మట్టి ఏటా తెస్తున్నాం, అప్పుడెప్పుడూ పగల్లేదు. ఈ ఏడాది కొత్తగా వచ్చింది ఆ అమ్మాయి. కొత్త బట్టీ కూడా ఈ ఏడాదే వచ్చింది కదా అన్నాను. బట్టీని అంటే మేస్త్రి ఊరుకోలేదు. ఇలా మేం ముగ్గురం మూడు వైపుల నుంచి అరుచుకుంటుంటే, మెట్టకూరు పెద్దావిడ వచ్చి, యూనిట్‌లో ఆ పిల్ల ఉంటే తాము ఉండమని తేల్చి చెప్పింది. ఆవిడ దుర్మార్గురాలు కాదు. తన మట్టి మీద మాట పడకుండా ఉండాలంటే ఎవరో ఒకరి మీద పడాలి, అంతే. హోటలాయన కూడా తర్వాతి వాయి తుమ్మకపోతేనే బేరం అన్నారు.

ఆ సాయంత్రం ఫరంపేట అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. అప్పటికి కొన్ని రోజులుగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడవైపు తిరిగి అన్నం తింటోంది. దేన్నీ మెచ్చుకోవడం లేదు.

"రేపట్నుంచి రానండి మేడంగారూ. చేపైతే సాయంత్రానికి పాడైపోద్దండి. కుండైతే ఉండిపోద్దని వచ్చేను. నా నోటికి అదీ పాడైపోతంది."

నీ తప్పు కాదమ్మా అని అనబోయాను. ఆ మాట ఆమె అప్పటికే ఎంతమంది చేతో అనిపించుకుని ఉంటుంది. జాలితో అన్న మాటని ఎవరు నమ్ముతారు? అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎందుకు పగులుతున్నాయో నాకు తెలీదు. నువ్వు కాదని కూడా నాకింకా తెలీదు. కనుక్కుందాం. కనుక్కునేదాకా నువ్వు రావాలి, నువ్వు లేకపోతే కనుక్కోలేం."

ఆమె కొంగు తీసి నా వైపు చూసింది. నువ్వు కాదని తెలీదు అని ముఖం మీద చెప్పిన మనిషిని మొదటిసారి చూసినట్టుంది. మర్నాడు వచ్చింది.

మా పరీక్ష ఇలా కుదిరింది. కారణం ఏదో తర్వాత చూద్దాం, ముందు పొగడ్త సంగతి తేల్చుదాం. ఒకే వాయిలో ఒకే మట్టితో చేసిన దాకలు. వాటిని రెండు వంతులు చేయాలి. ఒక వంతుని ఆమె పొగడాలి. రెండో వంతుని ఆమె కంట పడనివ్వకూడదు. వంతులు నేను పంచితే మోసం చేశానంటారు కనుక, ఎదుటి పక్షమైన గుమాస్తాగారే పంచాలి, అదీ కళ్ళకి గంతలు కట్టుకుని. ఆయన సంబరంగా ఒప్పుకున్నారుగానీ ఒక షరతు పెట్టారు. పొగడ్త మనసులోంచి రావాలి. ఉత్తుత్తి మాటలకి దిష్టి తగలదు. న్యాయమైన షరతు, వెంటనే ఒప్పేసుకున్నాను. దిష్టికి కూడా నాణ్యత ఉండాలని ఒక భక్తుడు నాకు నేర్పాడు.

దాకలు బట్టీలోంచి దిగిన రోజు కేంద్రమంతా తిరునాళ్ళలా ఉంది. చుట్టుపక్కల ఇళ్ళలో వంట చేసుకునేవాళ్ళు కూడా పొయ్యి ఆర్పేసి వచ్చారు. గుమాస్తా కళ్ళకి గంతలు కట్టుకుని, తడుముకుంటూ, ఒక దాక ఈ అర మీదా ఒక దాక ఆ అర మీదా పెడుతుంటే, మేస్త్రి పక్కనే నడుస్తూ పడిపోకుండా చేతులు చాచారు. ఫరంపేట అమ్మాయిని అప్పటిదాకా బయట కూర్చోబెట్టాం. రెండో అరకి గోనెపట్టా కప్పేసి ఆమెని పిలిచాం.

ఆమె మొదటి అర ముందు నిలబడింది. ఆమె చాలాసేపు చూసి, "బానే ఉన్నాయండి" అంది.

గుమాస్తా చెల్లదన్నారు. ఇది పొగడ్త కాదు, హాజరు వేయించుకోవడం అన్నారు. ఆమె మళ్ళీ ప్రయత్నించింది. మూతి గుండ్రంగా ఉందండి, అంది. అదీ చెల్లలేదు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మనసారా పొగడడం ఆ పిల్ల మర్చిపోయింది, మేమే మర్చిపోయేలా చేశాం. నేను పరీక్ష ఆపేద్దామనుకున్నాను.

అప్పుడు గుమాస్తా తనే ముందుకొచ్చారు. నా వాదసభల నియమం ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. ఎదుటి పక్షాన్ని తనే చేసి చూపించడానికి ఒక దాక చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నారు.

"ఇలాగనమ్మా. అబ్బా, ఏం దాకండీ. మా మావగారి బొజ్జలాగ ఎంత నున్నగా ఉందో చూడండి. నిమిరితే నిద్రొచ్చేలాగుంది. దీన్లో పులుసెందుకండీ, దీన్నే నంజుకోవచ్చు."

ఆయన మామగారు యానాంలో అందరికీ తెలిసిన మనిషి. ఆ బొజ్జ ఇంకా బాగా తెలుసు. మెట్టకూరు పెద్దావిడ ముందు నవ్వింది. తర్వాత గదంతా నవ్వింది. మేస్త్రి నవ్వుతూ గోడకి జారిపోయారు. ఆయన నోరు కూడా దిష్టి నోరే, ఈ దాక ఇప్పుడే పగులుద్ది చూడండి అని ఎవరో అన్నారు. గుమాస్తా దాన్ని గభాలున అర మీద పెట్టేసి చేతులు దులుపుకున్నారు. ఫరంపేట అమ్మాయి ఆ నవ్వులో కొంగు ఎప్పుడు వదిలేసిందో తనకే తెలియదు. మొదలుపెట్టింది. ఇది నిద్రపోతున్న పిల్ల బుగ్గండీ అంది. ఇది కాస్త వంకరే, మా అమ్మమ్మ నడుంలాగ, కానీ ఎంత ముద్దుగా ఉందో అంది. ఇది వానకి ముందు మబ్బు. ఇది కొత్త దుప్పట్లో దూరిన పిల్లి. ఒక్క దాకని వదల్లేదు. గుమాస్తా ఫోనులో రికార్డు చేసి, చెల్లిందన్నారు. నేను ఆ పొగడ్తలు వింటూ మనసులో దాకలకి చెప్పుకున్నాను: మిమ్మల్ని ఇంతలా మెచ్చుకున్నవాళ్ళు లేరు, పరువు కాపాడండి.

గదికి తాళం వేశాం. తాళంచెవి ఒప్పందం ప్రకారం గుమాస్తా దగ్గరే ఉంది.

కొన్ని రోజుల తర్వాత అందరి ఎదుటా తలుపు తీశాం. పొగిడిన అర మీద కొన్ని పగిలి ఉన్నాయి. మెట్టకూరు పెద్దావిడ నిట్టూర్చింది. ఫరంపేట అమ్మాయి నేల చూసింది. నేను రెండో అర గోనెపట్టా లాగాను.

అక్కడ ఇంకా ఎక్కువ పగిలాయి. ఎవరూ చూడనివి, ఎవరూ ఒక్క మాట అననివి, చీకట్లో వాటంతట అవే తుమ్మాయి. పైగా ప్రతి గుంటలోనూ, పెచ్చు ఎగిరిపోయిన చోట, ఒక ఎర్రటి చుక్క. మట్టి ఎరుపు కాదు, కుంకుమ ఎరుపు. ఒకామె రక్తమంది. ఇంకొకామె గుమ్మం దాటేసింది. మేస్త్రి కూడా ఒక అడుగు వెనక్కేశారు. పొగిడిన అర మీది గుంటల్లో మాత్రం చుక్కలు తెల్లగా ఉన్నాయి.

ఒక అర మీద తెలుపు, ఒక అర మీద ఎరుపు. నాకు మతిపోయింది. ఈ రెండో అర మీద ఏం జరిగిందని గుమాస్తాని అడిగాను. తాళంచెవి ఆయన దగ్గరే కదా. ఆయన కొంచెం నసిగారు. తాంబూలం మింగేశారు కూడా.

"పసుపునీళ్ళు చల్లేనండి. రోజూ పొద్దున్న. దీనికైనా ఏం కాకూడదని. మనవే కదండీ ఇవీ."

నాకు కోపం రావలసింది. పరీక్షలో వేలు పెట్టిన మనిషి. కానీ నేను నోరు తెరిచేలోపే మెట్టకూరు పెద్దావిడ వంగి ఆ ఎర్రచుక్కని గోటితో గీకి చూసింది. పిల్లలకి దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళు కలపడంలో ఆవిడ చేయి తిరిగినది. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో చిటికెడు సున్నం వేస్తే ఎర్రగా మారే నీళ్ళవి. మీ ఇళ్ళలోనూ తిప్పి పారబోసే ఉంటారు.

"పసుపు ఎర్రబడిందంటే దీన్లో సున్నం ఉండాలండి. ఇంకేటికీ ఎర్రబడదు" అంది ఆవిడ.

పొగిడిన అర మీది తెల్లచుక్క మీద పసుపునీటి బొట్టు వేయించాను. కళ్ళముందే ఎర్రబడింది. గుమాస్తా జేబులోంచి సున్నం డబ్బీ లాక్కుని పక్కనే చిటికెడు వేసి బొట్టు వేశాను. అదే ఎరుపు. దిష్టి పోగొట్టే నీళ్ళు దిష్టి లేదని సాక్ష్యం చెప్పాయి. నా జీవితంలో ఏ వేదిక మీదా నాకు ఇంత మంచి సాక్షి దొరకలేదు. నేను అక్కడే రెండు గంతులు వేశానని మేస్త్రి ఇప్పటికీ చెబుతారు. అబద్ధం, ఒక్కటే వేశాను.

తర్వాత అందరికీ ఒకేసారి తెలిసిపోయింది. సున్నం మా మట్టిలోకి ఎక్కడిది? ఏటి ఒడ్డు మనుషులకి ఇది చెప్పాలా? నత్తగుల్లని కాలిస్తే సున్నం. కాలిన గుల్లకి తడి తగిలితే ఉబ్బి పిగులుతుంది. పాత కట్టెల బట్టీ ఏడువందల దగ్గరే ఆయాసపడేది కనుక మట్టిలో గుల్లముక్క ఉన్నా అది గుల్లగానే ఉండిపోయేది, ఎవరి జోలికీ వచ్చేది కాదు. కొత్త బట్టీ దాన్ని శుభ్రంగా కాల్చి సున్నం చేసింది. దాకలు అర మీదకొచ్చాక యానాం గాలిలో తడికి లోపలి ముక్క మెల్లగా ఉబ్బి, టిక్. పసుపునీళ్ళు చల్లిన అర మీద తడి ఎక్కువ, తుమ్ములూ ఎక్కువ. మేస్త్రి వేడి పెంచిన కొద్దీ ఎందుకు ఎక్కువ పగిలాయో కూడా తేలింది. ఆయన వెళ్ళి మీటరు వైపు ఒకసారి చూసి వచ్చారు, పెళ్ళాం మీద చాడీ విన్న మొగుడిలా.

మరి గుల్ల ఎక్కడిది? మెట్టకూరు చేలమట్టి ముద్ద కడిగి చూస్తే ఒక్క ముక్క లేదు. పెద్దావిడ తల ఎత్తుకుంది. మిగిలింది గుప్పెడు మట్టి వేడుక. ఏటా అందరం మెచ్చుకుని ఎవరం పరిశీలించనిది. అప్పుడు గదిలో మళ్ళీ ఒక గుసగుస లేచింది. చేపలవాళ్ళ గుమ్మం ముందే కదా గుల్లలుండేది, అయితే ఆ పిల్ల తెచ్చిన మట్టే అయ్యుంటుంది. చూశారా, మూఢనమ్మకం అంత తేలిగ్గా చావదు, దిష్టి బట్టలు విప్పేసి సైన్సు బట్టలు వేసుకుని అదే మనిషి మీదకి మళ్ళీ వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. అందరూ మర్నాడు మళ్ళీ అదే చోటి నుంచి, అదే విధంగా గుప్పెడు మట్టి తేవాలన్నాను. మాతో సహా.

మర్నాడు పళ్ళేలు వరసగా పెట్టి ఎవరి మట్టి వాళ్ళం నీళ్ళలో కడిగాం. చాలామంది పళ్ళేల్లో అక్కడో ఇక్కడో ఒక ముక్క తేలింది. ఫరంపేట అమ్మాయి పళ్ళెంలో ఒక్కటీ లేదు. ఎలాగని అడిగితే సిగ్గుపడింది. అందరి మట్టితో కలిపే మట్టి కదండీ, పిండి జల్లెడతో జల్లించి తెచ్చేనండి, అప్పుడూ అలాగే తెచ్చేను, అంది.

గుల్లలు కుప్పలుగా తేలింది రెండు పళ్ళేల్లో. ఒకటి గుమాస్తాది. ఆయన ఇంటి ముందు పల్లం పూడ్చడానికి ఏటి మొగ నుంచి తెచ్చి పోయించిన మెరక అది. రెండోది నాది. ఆ మెరక తోలిన ట్రాక్టరే మా ఇంటికీ తోలింది. దేవుణ్ణి నమ్మినవాడి గుమ్మమూ నమ్మనిదాని గుమ్మమూ ఒకే బురద. ఇద్దరిలో ఎవరి పళ్ళెంలో గుల్లలు ఎక్కువన్నదాని మీద మాకు ఈనాటికీ వాదన నడుస్తోంది. కలిసినప్పుడల్లా ఆయన నావే ఎక్కువంటారు. పుట్టి బుద్ధెరిగాక నేను ఓడిపోదలుచుకోని వాదం ఇదొక్కటే.

హోటల్ వాయికి మెట్టకూరు మట్టి ఒక్కటే వాడాం, అదీ నీళ్ళలో కలిపి సన్న జల్లెడ పట్టి. మీటరు ఏడువందల దగ్గరే ఆపమన్నాను. వంట దాకకి అంతకన్నా అక్కర్లేదు, మరీ గట్టిగా కాలిస్తే పొయ్యి మీద సెగకి తట్టుకోలేక చిట్లుతుంది. మొదటిరోజు చప్పట్లలో ఆ సంగతి నేనూ మర్చిపోయాను. మేస్త్రి రెక్కలు కట్టేసిన పక్షిలా బట్టీ చుట్టూ తిరిగారుగానీ ఆపారు. వేడుక మానేద్దామని నేనంటే జట్టంతా ఒప్పుకోలేదు. గుప్పెడు మట్టి తెస్తాం, కానీ జల్లించి తెస్తాం అన్నారు. ఆ జల్లెడ ఎవరి ఇంటి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు.

పిల్లలూ, మీరు నన్ను సాధించిందేమిటని అడిగారు. తెలీదు అన్న మాట ఒకసారి సరైన సమయంలో అన్నాను. మిగతా సర్వీసంతా తెలుసనే అన్నాను, దానివల్ల పెద్దగా ఎవరికీ ఉపయోగం కలగలేదు.

దాకలు దిగాయి, అర మీదకెక్కాయి. రోజులు గడిచాయి. మేం భోజనాలు చేస్తూ, మాట్లాడుకుంటూ, ఒక చెవి అర మీదే ఉంచాం. టిక్‌మనలేదు. హోటలాయన బండి వచ్చిన పొద్దున దాకల్ని గడ్డిలో సర్దుతున్నాం. అందరం ఉన్నాం. ఎవరూ పైకి అనకపోయినా అందరం ఒకే మనిషి వైపు చూస్తున్నాం. ఫరంపేట అమ్మాయి ఒక్కో దాకనీ అందిస్తోందిగానీ పెదవి విప్పడం లేదు. ఏమీ తేలకముందు మాకోసం పొగిడిన పిల్ల, అంతా తేలాక ఇంకా భయపడుతోంది. కారణం తెలిసినంతలో భయం పోదు, దానికి వేరే పని చెయ్యాలి.

ఆ పని చేసింది మెట్టకూరు పెద్దావిడ. తను చేసిన దాకని బండి ఎక్కించకుండా పక్కకి తీసి, మీద కప్పిన గుడ్డ తీసేసి, ఆమె ఎదురుగా పెట్టింది. తర్వాత పక్కామె తన దాక పెట్టింది. తర్వాత చంటిపిల్ల తల్లి దాకతో పాటు పిల్లని కూడా తెచ్చి, కాటుకబొట్టు కొంగుతో తుడిచేసి, ఆమె ఒళ్ళో కూర్చోబెట్టింది. బండితో వచ్చిన హోటలాయన ఇదేదో పూజ అనుకుని చెప్పులు విడిచారు.

చిట్టచివర మా గుమాస్తా వచ్చారు. సరదాకి సారె మీద తను చేసుకున్న దాక ఒకటుంది, ఎటు నిలబెట్టినా ఇంకోవైపు ఒరిగేది. దాన్ని రెండు చేతులా పట్టుకొచ్చి, బాగున్న వైపు కనిపించేలా అటూ ఇటూ తిప్పి, ఆమె ముందు పెట్టి నిలబడ్డారు.

"మాదాన్ని కూడా ఓ మాట అనమ్మా" అన్నారు.